పడమటి ఎండ ముందు, ఏసీ తరువాత

హైదరాబాద్,
ఆదివారం

ప్రియమైన మిత్రుడికి,

నువ్వు పంపిన ఎలివేషన్ బొమ్మ, అంటే భవనం ముందు వైపు ఎలా కనిపిస్తుందో చూపే బొమ్మ, చూశాను. విజయవాడలో నాలుగంతస్తుల కాంప్లెక్సు, రోడ్డు వైపు కింది నుంచి పై దాకా నీలి అద్దం, అటూ ఇటూ ఏసీపీ షీట్లు (గోడ మీద అతికే అల్యూమినియం పలకలు). బొమ్మలో ఆ అద్దం మీద మబ్బులు కూడా వేశారు కాబట్టి చూడటానికి చల్లగానే ఉంది కానీ, ఆ రోడ్డు పడమర దిక్కున ఉందన్న సంగతి గీసినతనికి గుర్తున్నట్టు లేదు. కరెంటు బిల్లు తగ్గాలనీ, పర్యావరణానికి హాని చేయని కట్టడం కావాలనీ, అందుకు ఏ ఏసీలు కొనాలో చెప్పమనీ రాశావు. ఏసీల సంగతి చివర చెబుతాను, ఎందుకంటే నా లెక్కలో వాటి వంతు చివరనే రావాలి.

నేను కొంతకాలం పనిచేసిన ఒక ఆఫీసు అచ్చంగా నీ బొమ్మలాగే ఉండేది. మధ్యాహ్నం మూడు కాగానే ఎండ కళ్లలో పడి కంప్యూటరు తెర కనిపించక బ్లైండ్లు దించేవాళ్లం, బ్లైండ్లు దించాక చీకటై లైట్లన్నీ వేసేవాళ్లం, ఆ వేడంతా కలిసి ఏసీ చాలక కిటికీ పక్కవాళ్లు చెమటలు తుడుచుకుంటుంటే, వాళ్ల కోసం ఏసీ పెంచినందుకు లోపలి వరుసలోని వాళ్లు శాలువాలు కప్పుకునేవారు. వెలుతురు కోసమని డబ్బు పోసి పెట్టించిన అద్దం గుండా పట్టపగలు బయటికి చూసినవాళ్లు లేరు.

దక్షిణపు ఎండను ఆపడం సులువు. విజయవాడలో డిసెంబరులో కూడా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు దాదాపు యాభై డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి, కిటికీ పైన రెండడుగుల సన్‌షేడ్ వేస్తే చాలావరకు నీడ పడుతుంది. పడమటి ఎండ అలా లొంగదు. సాయంత్రపు సూర్యుడు కిందికి దిగి నేరుగా గదిలోకి చూస్తాడు. ఎంత వెడల్పు సన్‌షేడ్ వేసినా దాని కింద నుంచే వస్తాడు. ఈశాన్యం మూల విషయంలో నువ్వు పడుతున్న శ్రద్ధలో సగం పడమర మీద పెట్టి ఉంటే ఈ ఉత్తరం ఇంత పొడుగయ్యేది కాదు!

రోడ్డును మార్చలేం, దుకాణాల ముఖం రోడ్డుకే ఉండాలి. అందుచేత కింది అంతస్తులో గోడను ఎనిమిది పది అడుగులు లోపలికి జరిపి ముందు వసారాలాగా వదులు. పాత బజార్లలో దుకాణాలకు పంచలు దించింది ఇందుకే. పై మూడు అంతస్తుల్లో మెట్లు, లిఫ్టు, టాయిలెట్లు పడమటి గోడకు చేర్చు, అవి వేడెక్కినా ఎవరూ బాధపడరు. మిగిలిన చోట కిటికీలు చిన్నవి పెట్టి, వాటికి రెండడుగుల ముందు జాలీ, అంటే చిల్లులున్న అడ్డుగోడ, నిలబెట్టు. ఎండను అద్దం దాటాక బ్లైండుతో ఆపితే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసినట్టు. బయటే ఆపితే వేడెక్కేది జాలీ, దాని వెనక ఖాళీలో గాలి ఆ వేడిని పైకి పట్టుకుపోతుంది.

నువ్వు విన్నానన్న, హైదరాబాద్ శివార్లలోని పోచారం ఇన్ఫోసిస్ భవనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2011లో పూర్తయిన ఆ కట్టడంలో వాళ్లు ఒక మంచి పరీక్ష చేశారు. భవనాన్ని రెండు సమాన భాగాలు చేసి, ఒక సగానికి బాగా మెరుగుపరిచిన మామూలు ఏసీ పెట్టారు, రెండో సగంలో శ్లాబు కాంక్రీటులోనే పైపులు వేసి వాటిలో చల్లని నీళ్లు తిప్పారు. రెండో సగం చల్లదనానికి వాడిన కరెంటు మొదటిదానికంటే దాదాపు మూడో వంతు తక్కువ వచ్చింది, ఎందుకంటే వేడిని మోయడంలో గాలి కంటే నీరు ఎంతో మెరుగు, పైగా ఆ నీళ్లు పెద్ద భవనాల మామూలు సెంట్రల్ ఏసీలో తిప్పే నీళ్లంత చల్లగా ఉండనక్కరలేదు. అందరూ ఆ మూడో వంతు గురించే చెప్పుకుంటారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది వేరే ఉంది: ఆ రెండు సగాలకూ పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకే ఉన్నాయి, కిటికీలు మితంగా ఉన్నాయి, వాటికి నీడ ఉంది. చల్లబడిన శ్లాబు కొంత వేడినే లాగగలదు. నీ నీలి అద్దం వెనక ఆ పైపులు వేస్తే అవి ఓడిపోతాయి.

అయినా ఆ పద్ధతి నీకు వద్దు. విజయవాడ గాలిలో తేమ ఎక్కువ, దుకాణం తలుపు నిమిషానికోసారి తెరుచుకుంటుంది. చల్లని నీళ్ల సీసాకు చెమట పట్టినట్టు నీ సీలింగుకు పట్టి బట్టల కొట్టువాడి చీరల మీద కారుతుంది. అలాగే హైదరాబాద్‌లోని సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూసి వచ్చి, దానిలా గాలి గోపురాలు కడతానంటావేమో. ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్ రూపొందించిన ఆ భవనం అమెరికా బయట లీడ్ ప్లాటినం (పర్యావరణహిత కట్టడాలకిచ్చే లీడ్ గుర్తింపులో పై మెట్టు) పొందిన మొదటిది, 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. అక్కడి జాలీలు, నడిమి వాకిలి, పైకప్పు మీది తోట నుంచి నువ్వు తప్పక నేర్చుకోవాలి. నీళ్లతో గాలిని చల్లబరిచే గోపురాలు మాత్రం పొడి వేడికి సరిపోతాయి, కృష్ణ ఒడ్డున ఉక్కపోతకు కాదు.

గోడలకు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిదతో చేసిన ఇటుకలు నీకు దగ్గరలోనే దొరుకుతాయి. పడమటి గోడకు మాత్రం వేడిని తక్కువగా పోనిచ్చే ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు దిమ్మలు) వాడు. పైకప్పుకు తెల్ల కూల్ రూఫ్ పూత వేసి, దాని మీద సోలార్ పలకలు నిలబెడితే నీడా వస్తుంది, కరెంటూ వస్తుంది. ఇంకొక మాట: కనెక్టెడ్ లోడ్ (అన్ని పరికరాలూ కలిపి లాగగల కరెంటు) 100 కిలోవాట్లు గానీ అంతకు మించి గానీ ఉండే వాణిజ్య భవనాల కోసం ఈసీబీసీ అనే ఇంధన పొదుపు కోడ్ ఉంది. 2017 నాటి ఆ కోడ్ సూచించే సులువైన దారిలో కిటికీలు మొత్తం గోడల్లో 40 శాతం మించకూడదు. నీ బొమ్మ ఆ పరీక్షలో నిలవడం కష్టం.

ఇక ఏసీ. కాంట్రాక్టరు వచ్చి వంద చదరపు అడుగులకు ఒక టన్ను అని వేళ్ల మీద లెక్క చెబుతాడు. ఆ లెక్క అద్దాల డబ్బాకు సరిపోవచ్చు. నీడ, జాలీ, మంచి గోడ అమరాక వేడి ఎంత వస్తుందో గదివారీగా లెక్క కట్టించి, అప్పుడు యంత్రాలు కొను. తగ్గిన టన్నుల డబ్బుతో జాలీ ఖర్చులో మంచి భాగమే తిరిగి రావచ్చు.

అద్దాలవాడికి అడ్వాన్సు ఇవ్వకుండా ఆపు. వచ్చే శనివారం వస్తున్నాను. సాయంత్రం నాలుగింటికి టేపు పట్టుకుని స్థలం దగ్గర ఉండు. గొడుగు మాత్రం తెచ్చుకోకు, ఎండ ఎక్కడిదాకా వస్తుందో ఇద్దరం నిలబడి చూడాలి.

ఇట్లు,
నీ స్నేహితుడు