మీ ఆట ముగింపు గురించి, ఆ తర్వాత మీరు మాతో మాట్లాడిన తీరు గురించి ఫిర్యాదు

విజయనగరం

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మీ వీడియో గేమ్ మూడో భాగం ముగింపులో ఆటగాళ్ల నిర్ణయాలకు చోటు లేకపోవడం, అడిగినవాళ్లందరినీ బెదిరింపులకు దిగినవాళ్లతో ఒకే గాటన కట్టి మీరు ప్రకటన ఇవ్వడం.

అయ్యా / అమ్మా,

నేను విజయనగరం గంటస్తంభం దగ్గర చిన్న గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. మీ ఆట మొదటి భాగం వచ్చినప్పటి నుంచీ ఆడుతున్నవాణ్ణి. మూడో భాగం డీలక్స్ ఎడిషన్‌కి విడుదలకు ముందే డబ్బు కట్టాను. అది సెంటర్ కోసం కాదు, రాత్రి షట్టర్ దించి ఇంటికెళ్లాక నేను ఆడుకోవడానికి. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు కూడా ఎవరి అకౌంట్‌లో వాళ్లు సొంత డబ్బుతో కొనుక్కున్నారు. వాళ్లలో పాలిటెక్నిక్ చదివేవాళ్లున్నారు, పగలు మొబైల్ షాపుల్లో పనిచేసి సాయంత్రం వచ్చేవాళ్లున్నారు. మీ ఆట ఖరీదు వాళ్లకి చిన్న మొత్తం కాదు. నెలల ముందు నుంచి దాచుకుని కొన్నారు.

ముగింపు విషాదంగా ఉందని నేను ఈ ఉత్తరం రాయడం లేదు. ఊరు మునిగినా, నాయిక చనిపోయినా నాకు అభ్యంతరం లేదు. మీరు ఏం చెప్పి అమ్మారో అది ఆటలో లేదు. నా ఫిర్యాదు అది.

మూడు భాగాలకూ మీరు చేసుకున్న ప్రచారం ఒకే మాట మీద నడిచింది: మీ నిర్ణయాలే మీ కథ. మొదటి భాగం సేవ్ ఫైల్ (మనం ఎక్కడిదాకా ఆడామో, ఏం నిర్ణయించామో దాచే ఫైల్) చెరిపేయొద్దు, చివరి భాగంలో దానితో పని ఉంటుంది అని చెప్పింది కూడా మీరే. మావాళ్లు ఆ మాట నమ్మారు. నా కౌంటర్ సొరుగులో ఇప్పటికీ ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. దాన్నిండా పెన్‌డ్రైవ్‌లు, ఒక్కోదాని మీద తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద బాల్‌పెన్నుతో పేరు. అన్నింట్లోనూ మీ ఆట సేవ్ ఫైళ్లే. సెంటర్‌లో ఒక సిస్టమ్ హార్డ్ డిస్క్ పోయినప్పుడు దాని మీద ఆడే కుర్రాడు ముందు అడిగింది తన సేవ్ ఉందా పోయిందా అనే. చదువు తాలూకు ప్రాజెక్టు కూడా అందులోనే ఉంది, దాని ఊసు తర్వాత ఎప్పుడో ఎత్తాడు.

ఆ కుర్రాడి సంగతే చెప్తాను. ఊరు సాలూరు అవతల. మొదటి భాగంలో వరద వచ్చినప్పుడు పడవలో ఇంక ఒక్కదానికే చోటుంటుంది కదా, బియ్యం బస్తాలు ఎక్కించుకోవాలా, ముసలి పడవవాడిని ఎక్కించుకోవాలా అని మీరు అడుగుతారు. ఇతను ముసలాయన్ని ఎక్కించుకున్నాడు. దాని ఫలితంగా రెండో భాగమంతా అతని శిబిరంలో తిండి చాలదు, జనం తిరగబడతారు, నమ్మిన స్నేహితురాలు వదిలేసి వెళ్లిపోతుంది. మళ్లీ మొదటి నుంచి ఆడి బస్తాలు తీసుకోవచ్చు కదా అని పక్కవాళ్లు ఎంత చెప్పినా వినలేదు. "తాతని ముంచీమంటారేటి?" అనేవాడు. కష్టపడి, ఓడి, మళ్లీ లేచి ఆ తాతని మూడో భాగం దాకా తీసుకొచ్చాడు.

మూడో భాగం చివర ఏముంది? ఆనకట్ట మీద నాయిక నిలబడుతుంది. గేటు ఎత్తమంటారా, దించమంటారా అని అడుగుతారు. ఎత్తినా తెరంతా తెల్లబడుతుంది, దించినా తెల్లబడుతుంది. ఆ తర్వాత వచ్చేది ఒకే దృశ్యం. రెండూ పక్కపక్క సిస్టమ్‌లలో ఒకేసారి పెట్టి చూశాం. మేఘాల రంగు తప్ప ఏ తేడా లేదు. బస్తాలు తీసుకున్నవాడికీ అదే, తాతని తీసుకున్నవాడికీ అదే, మొదటి రెండు భాగాలు అసలు ఆడనివాడికీ అదే. ఆ కుర్రాడు పేర్లన్నీ పైకి వెళ్లిపోయేదాకా కుర్చీలోంచి లేవలేదు, ఆఖర్న ఏమైనా వస్తుందేమోనని. ఏమీ రాలేదు. మెయిన్ మెనూ వచ్చింది. నా వైపు తిరిగి, "అన్నా, తాతేడన్నా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు ఆటలో ఎక్కడా లేదు. ఆ తాత బతికాడా, పోయాడా, శిబిరంలో ఉన్నాడా, ఒక్క వాక్యం లేదు. అంత శ్రద్ధగా మలిచిన మనిషిని మీరే గాలికి వదిలేశారు.

మా సెంటర్‌లో అందరూ ఒకే మాట మీద లేరు. ఇది కూడా మీకు చెప్పాలి. ఉద్దానం నుంచి ఇక్కడికొచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒకమ్మాయికి మీ ముగింపు బాగా నచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ల కొబ్బరి తోట మొత్తం పడిపోయింది. "తుపాను ఎవరి మంచితనం చూసింది అన్నా? మా తాత ఎవరికీ అపకారం చెయ్యలేదు. చెట్లన్నీ పోయాయి. ఆటలో కూడా అంతే, వరద మన నిర్ణయాలు చూడదు, అది నిజం" అంది. అది తోసిపారేసే మాట కాదు. మీ రచయితలు చెప్పదలుచుకున్నది అదే అయితే, మీ కంపెనీ వాళ్లందరికన్నా ఆ అమ్మాయే దాన్ని బాగా చెప్పింది.

నేను ఒకటే అడిగాను: "తర్వాత మీ తాత ఏం చేశాడమ్మా?" పడిన చెట్లు తీయించడానికి ఎంత తిప్పలు పడ్డదీ, కరెంటు లేక తాగే నీళ్లకి జనరేటర్ కోసం ఎలా ఎదురు చూసిందీ, ఎవరు సాయం వచ్చారో, ఎవరు మొహం చాటేశారో, ఇంత వయసులో ఆయన మళ్లీ కొబ్బరి మొక్కలు ఎందుకు నాటాడో అన్నీ చెప్పింది. అది ఆటలో ఉండి ఉంటే ఇంకా బాగుండేదని ఒప్పుకుంది. అయినా ముగింపు నచ్చిందనే అంది. మంచిది, అది ఆమె అభిప్రాయం. నా వాదన మాత్రం అక్కడే ఉంది. వరద మా నిర్ణయాలు చూడకపోవచ్చు. వరద తర్వాత మనుషులు చూస్తారు. తిండి పంచినవాడు ఎవరో, పడవలో చోటిచ్చినవాడు ఎవరో గుర్తుంటుంది. ఆ "తర్వాత"ని మీరు కోసేశారు.

ఇది బొబ్బిలి కథ విని పెరిగిన ప్రాంతం. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. ఒక పక్క ఫ్రెంచి బుస్సీ, మా విజయనగరం విజయరామరాజు. మరో పక్క రంగారావు. కోటలో ఆడవాళ్లు, పిల్లలు కూడా మిగల్లేదు. రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడు వచ్చేసరికి అంతా అయిపోయింది. రాత్రివేళ గుడారంలో దూరి విజయరామరాజుని చంపి తనూ ప్రాణం తీసుకున్నాడు. గెలిచినవాళ్లకీ సుఖం లేదు, ఓడినవాళ్లకీ లేదు. అంతకు మించిన విషాదాంతం ఏముంటుంది? అయినా తరాల తరబడి తెల్లవార్లూ కూర్చుని విన్నారు, రెండు ఊళ్లవాళ్లూ విన్నారు. ఎందుకంటే ఎవరికి ఏమైందో, ఎవరు చేసిన పని ఎక్కడికి దారితీసిందో కథకుడు ఒక్కొక్కటిగా చెప్తాడు. పాపారాయుడి పేరు ఎత్తకుండా కోట కాలిపోయిందని చెప్పి తంబుర పక్కన పెట్టేస్తే మా ఊళ్లలో ఎవరూ ఊరుకోరు. విషాదం మాకు కొత్త కాదు, దయచేసి ఆ సాకు చెప్పకండి.

ఇక మీ ప్రకటన. ముగింపు నచ్చనివాళ్లు కళని అర్థం చేసుకోలేని కొద్దిమంది అనీ, మీ ఉద్యోగులను తిడుతున్నారు, బెదిరిస్తున్నారు అనీ అందులో రాశారు. బెదిరించినవాళ్ల మీద పోలీసులకి ఫిర్యాదు చేయండి, నేను మీ పక్షాన నిలబడతాను. 2020 జూన్ 19న ద లాస్ట్ ఆఫ్ అస్ అనే ఆట రెండో భాగం వచ్చినప్పుడు ఏం జరిగిందో నాకు తెలుసు. పూర్తి చేయడానికి ఇరవై గంటలు పైనే పట్టే ఆటకి విడుదలైన కొన్ని గంటల్లోనే వేలమంది సున్నా మార్కులు వేశారు. ఒక పాత్రకి గొంతు, నటన ఇచ్చిన లారా బెయిలీని చంపేస్తామని బెదిరించారు. పాత్ర చేసిన పనికి నటిని శిక్షించాలనుకోవడం సిగ్గుమాలిన పని. ఉద్దానం అమ్మాయికి ముగింపు నచ్చిందని తెలిసి ఇద్దరు కుర్రాళ్లు నోరు పారేసుకుంటే ఆ పూటే వాళ్లని బయటికి పంపేశాను. ఆమెకి క్షమాపణ చెప్పాకే మళ్లీ లోపలికి రానిచ్చాను.

మరి "తాతేడన్నా" అని అడిగిన పిల్లాడు ఎవరిని తిట్టాడు? వాడినీ ఆ లెక్కలోనే వేశారు మీరు. మర్యాదగా అడిగినవాళ్లకి మీరు జవాబివ్వలేదు; తిట్టినవాళ్లని చూపించి అందరి నోరూ మూయించారు. దీనికే నాకు ఎక్కువ కడుపు మండుతోంది.

అభిమానుల కోపం ఎలా ఉండొచ్చో 2012లో మాస్ ఎఫెక్ట్ 3 అనే ఆట వచ్చినప్పుడు చూశాం. అక్కడ కూడా గొడవ ముగింపు మీదే, మూడు దారులూ రంగులు మార్చిన ఒకే దృశ్యంలా ఉన్నాయని. కొందరు ఆడిన మాటలు మంచివి కావు. కానీ అదే అభిమానులు జబ్బుపడిన పిల్లల కోసం పనిచేసే చైల్డ్స్ ప్లే సంస్థకి 80 వేల డాలర్లకు పైగా విరాళాలు పోగుచేశారు. ఆ ఆట తయారుచేసిన బయోవేర్ కంపెనీ ఆఫీసుకి ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల కప్‌కేకులు దాదాపు 400 పంపారు. రంగు ఏదైనా రుచి ఒకటే, వెనీలా. చెప్పాల్సిందంతా ఆ కేకులతో చెప్పేశారు. కంపెనీ కూడా విన్నది. ఆ ఏడాది జూన్ 26న ఉచితంగా అదనపు భాగం ఇచ్చింది. ముగింపుని మార్చలేదు, ఎవరికి ఏమైందో చూపించింది. అందరూ తృప్తిపడలేదు, కానీ అడిగిందానికి జవాబంటూ వచ్చింది. ఫాల్‌అవుట్ 3 అనే ఆటలోనూ అంతే: రేడియేషన్ అంటని తోడు పాత్ర పక్కనే నిలబడి ఉన్నా ఆటగాడే రేడియేషన్ నిండిన గదిలోకి వెళ్లి చావాల్సి వచ్చేది. 2009లో వచ్చిన అదనపు భాగంతో దాన్ని సరిదిద్దారు.

ఒకసారి విడుదలైన కృతిని ముట్టుకోవడం కళకి అవమానం అని మీ ప్రకటనలో ఉంది. నేను ఉంటున్న ఊళ్లోనే గురజాడ అప్పారావు గారు ఉండేవారు. కన్యాశుల్కం 1892లో ఇక్కడే మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. మెప్పు పొందిన నాటకం. అయినా ఆయన ఆగలేదు, దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేయించారు. ఈరోజు తెలుగువాళ్లు నెత్తిన పెట్టుకున్నది ఆ రెండో కూర్పునే. ఆయనకి లేని పట్టింపు మీకెందుకు?

డబ్బు విషయం క్లుప్తంగా. రీఫండ్ అడిగితే, రెండు గంటలు దాటి ఆడారు కాబట్టి కుదరదన్నారు. ముగింపు చూడాలంటే నలభై గంటలు ఆడాలి. రెండు గంటల్లో దాని సంగతి ఎవరికి తెలుస్తుంది? పైగా నేను రాసిన వివరమైన మెయిల్‌కి "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని ఒక్క వాక్యం పంపి ఫిర్యాదు టికెట్ మూసేశారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. డిజిటల్ వస్తువులకీ అవి వర్తిస్తాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో చెప్తుంది. "మీ నిర్ణయాలే మీ కథ" అన్న మీ పోస్టర్, ట్రైలర్, సేవ్ ఫైల్ దాచుకోమన్న సందేశం అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

నేను కోరేవి ఇవి. మూడు భాగాల్లోనూ మేము కాపాడినవాళ్లకి, వదిలేసినవాళ్లకి వరద తర్వాత ఏమైందో చూపించే అదనపు భాగం కొన్నవాళ్లందరికీ ఉచితంగా ఇవ్వాలి. గేటు ఎత్తడానికీ దించడానికీ ఫలితం వేరుగా ఉండాలి. ఇప్పుడున్న ముగింపు నచ్చినవాళ్ల కోసం దాన్నీ అలాగే ఉంచండి, ఆ అమ్మాయి దగ్గర నుంచి దాన్ని లాక్కోవద్దు. అదనపు భాగం ఇవ్వడం మీ వల్ల కాకపోతే డీలక్స్ ఎడిషన్ కొన్నవాళ్లలో అడిగినవారికి డబ్బు తిరిగి ఇవ్వండి. దేనికైనా ముందు, మర్యాదగా ప్రశ్నించినవాళ్లని బెదిరింపులవాళ్లతో కలిపినందుకు ఆ ప్రకటనని సవరించండి.

నెలలోపు మీ నుంచి సరైన జవాబు రాకపోతే విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కొనుగోలుదారు ఉన్న ఊళ్లోనే వేసుకునే వీలు చట్టంలో ఉంది, ఐదు లక్షల లోపు మొత్తానికి ఫీజు కూడా లేదు. కొనుగోలు రసీదు, మీ ప్రచార ప్రకటనల కాపీలు, రెండు ముగింపులూ పక్కపక్కన పెట్టి తీసిన వీడియో ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ ఆట అభిమాని,
గేమింగ్ సెంటర్ నిర్వాహకుడు,
గంటస్తంభం దగ్గర, విజయనగరం