రబ్బరుతో తుడిచిన లెక్క

కనగల్,
ఆదివారం పొద్దుగాల

అరే యాదిగా,

నీ ఉత్తరమొచ్చి నెల దాటింది, జవాబియ్యలేదని కోపం చెయ్యకు. ఇంట్ల అందరం మంచిగున్నం. అమ్మ మోకాళ్ల నొప్పులు అట్లనే ఉన్నయి, బత్తాయి కాత తక్కువ. మిగిలినయి కలిసినప్పుడు. బిడ్డ సంగతి నీకు చెప్పకుంటే నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

ఎంసెట్ల, ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నరులే, 23 వేల ర్యాంకు వచ్చింది. మన బీసీలకు 10 వేల లోపైతే ఇంజనీరింగ్ ఫీజంతా గవర్నమెంటే కడ్తది, దాటితే 35,000 వరకే. అదన్నా టైంకు రాకుంటే ముందు మనల్నే కట్టమంటరు. సరే, మొన్న రాత్రి తిన్నంక లెక్కల పుస్తకం ముందటేసుకొని కూసున్నం. దాపరికం వద్దని బిడ్డతోనే రాయించిన.

హైదరాబాద్ కాలేజీ ఫీజు 95,000. 35 పోను మన చేతినుంచి 60. హాస్టల్ నెలకు 7,000, పది నెలలకు 70. పుస్తకాలు, పరీక్ష ఫీజులు 15. నాలుగేండ్లకు లాప్‌టాప్ 45,000తోటి కలిపి 6,25,000! నీ చెల్లె నోటిమీద చెయ్యేసుకుంది. 4 లక్షల దాకా బ్యాంకోళ్లు భూమి కాయితాలు అడగకుండనే లోనిస్తరని నేనన్న. "చదివినన్ని రోజులు వడ్డీ పెరుగుతనే ఉంటది గదా నాయినా" అన్నది బిడ్డ. ఇగ సుకన్య ఖాతా, ఆడపిల్లల పేరుమీద పైసలు జమచేసే సర్కారు స్కీము. 2015ల పోస్టాఫీసుకు నన్ను గుంజుకపోయింది నువ్వే, ఎర్ర సంచి చేతిల పట్టుకొని! నెలకు వెయ్యి చొప్పున 1,72,000 అయింది. 18 నిండినయి, చదువుకు సగం తియ్యొచ్చు. అంటే 86,000.

అప్పుడు అదే పేజీ తిప్పి నల్లగొండ కాలేజీ లెక్క రాసింది. ఫీజు 45, మన చేతినుంచి 10. బస్సుకింత రాయమన్న. "ఆడోళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ, నాకు జీరో టికెట్ గదా" అని సున్నా చుట్టింది. పుస్తకాలు, పరీక్ష ఫీజులు అదే 15. నాలుగేండ్లకు లాప్‌టాప్‌తోటి 1,45,000. సుకన్య పైసలు పోను మనమీద పడేది 59,000. "ఇక్కడనే చదువుత" అని పెన్ను మూత పెట్టింది. అందరికీ పానం నిమ్మళమైంది.

తెల్లారి పుస్తకం తిరగేస్తుంటే ఆఖరి పేజీల పెన్సిలు రాత, రబ్బరుతో తుడిచినట్టుంది. అక్కడ కాయితం నూగు లేచింది. వెలుతురుకు పట్టి చూస్తే: హాస్టల్, నలుగురి రూమైతే 5,500. ఇంటికి నెలకొకసారి. బయట తినుడు లేదు. బతుకమ్మకు బట్టలు వద్దు.

మేం కూసోకముందే రాసుకుందిరా. తుడిచి మా ముందటికొచ్చింది.

అడుగుదామంటే నోరు రాలే. దాని లెక్కతోనే నిన్న రాత్రి మళ్ల వేసిన. 5,65,000. సుకన్య, లోను పోతే చేతినుంచి 79,000. నల్లగొండకూ హైదరాబాద్‌కూ ఇప్పుడు తేడా 20,000! కానీ ఆ 4 లక్షలు రేపు దాని నెత్తిమీదనే గదా, అదొక్కటి... లెక్క చూపించుడు తప్పు కాదు. ఏం చదవాలనుంది, ఎక్కడ చదవాలనుంది అని ముందు అడగాల్సి ఉండె. పైసలు ముందట పెట్టి నీ ఇష్టం అంటే పిల్ల ఇంకేమంటది?

కాలేజీ ఆప్షన్లు పెట్టనీకి ఇంకా నాలుగు రోజులుంది. నువ్వు రారా. బావి కాడికి తోలుకపోయి దాన్ని ఒక్కదాన్నే అడుగు, నీకైతే చెప్తది. ఆ పేజీ నేను చూసినట్టు మాత్రం

పాల బండి హారన్ కొడ్తున్నది, పోతున్న.

నీ
శీనుగాడు