యాప్‌లో 10:20, కౌంటర్లో టోకెన్ 14: మీ క్లినిక్ అపాయింట్‌మెంట్ల మీద ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,
ప్రధాన కార్యాలయం, బెంగళూరు

విషయం: మారతహళ్లి శాఖలో ఓపీ అపాయింట్‌మెంట్ల పద్ధతి, డబ్బు వాపసు, ఫాలో-అప్ గడువు గురించి.

అయ్యా,

మారతహళ్లి, మున్నేకొలాల చుట్టుపక్కల ఉంటూ మీ క్లినిక్‌కు వచ్చే తెలుగు కుటుంబాల తరఫున రాస్తున్నాం. మాలో ఆసుపత్రి ఫ్రంట్ ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళున్నారు, బుకింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి 'సిస్టమ్ అలాగే ఉందండీ' అనే జవాబు మాకు సరిపోదు. మీ డాక్టర్ల వైద్యం మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. బాధంతా ఆ గది తలుపు దాకా చేరడంలోనే.

యాప్‌లో ఫీజు కట్టగానే టైముతో ఎస్సెమ్మెస్ వస్తుంది, ఉదయం 10:20 అని. అది చూపిస్తే కౌంటర్లో ఒక రూళ్ల నోటుబుక్కు తీస్తారు, ఎవరు ముందొస్తే వారిది ముందు అన్న వరసలో పేరు రాస్తారు, చీటీ చింపి చేతిలో పెడతారు. దాని మీద 14 అని ఉంటుంది. నర్సు బయటికొచ్చి పిలిచేది ఆ 14నే, 10:20ని కాదు. నేరుగా వచ్చి కౌంటర్లో డబ్బు కట్టినవారికీ అదే నోటుబుక్కు, అదే వరస. మరి యాప్‌లో ప్లాట్‌ఫాం ఫీజు అని పైన వసూలు చేసింది దేనికి? టైముకే అయితే ఆ టైము ఇవ్వడం లేదు.

లెక్క వేసి చూడండి. 10 నుంచి 1 దాకా ఓపీ. పది నిమిషాలకొకటి చొప్పున యాప్‌లో 18 స్లాట్లు, అన్నీ అమ్ముతారు, ఒక్కటీ ఖాళీ ఉంచరు. ప్రతి ఇద్దరికీ బుకింగ్ లేకుండా నేరుగా వచ్చేవారు ఒకరు కలుస్తారనుకుంటే మరో 9 మంది. మొత్తం 27. కొత్త పేషెంటుకు ఎక్కువ సేపు, రిపోర్టు చూపించేవారికి తక్కువ సేపు, సగటున 8 నిమిషాలు వేసుకున్నా 216 నిమిషాలు. ఓపీ 180 నిమిషాలే. వేరే ఆసుపత్రిలో రౌండ్లు ముగించుకుని డాక్టరుగారు 10:30కి వస్తే చివరి మనిషి లోపలికి వెళ్ళేసరికి 2 అవుతుంది. ఆ మనిషి ఎస్సెమ్మెస్‌లో ఉన్నది 12:50. మెడికల్ రెప్‌లు మధ్యలో దూరడం ఈ లెక్కలో వేయలేదు, అది మీకూ తెలిసిందే.

రాకుండా ఎగ్గొట్టేవాళ్ళుంటారని ఎక్కువ మందిని తీసుకుంటున్నామని మీ మేనేజరు అంటారు. ఫీజు ముందే కట్టించుకున్నాక ఎగ్గొట్టేవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఈ చిక్కు కొత్తదీ కాదు. 1952లోనే ఇంగ్లండులో బెయిలీ, వెల్చ్ అనే ఇద్దరు ఆసుపత్రి ఓపీల క్యూలను లెక్కగట్టి ఒక సులువైన సూత్రం చెప్పారు: మొదట్లో ఇద్దరిని రమ్మనాలి, ఆ తర్వాత ఒక్కొక్కరినీ సగటు కన్సల్టేషన్ ఎంతసేపో అంత ఎడంతో రమ్మనాలి. డాక్టరు ఖాళీగా కూర్చోరు, జనం గుట్టగా పడరు. అందుకు మీ దగ్గర చేయాల్సింది పెద్దదేమీ కాదు. 18లో 12 స్లాట్లు యాప్‌లో పెట్టండి, 4 ఆ రోజు జ్వరంతో, నొప్పితో నేరుగా వచ్చేవారికి ఉంచండి, 2 ఖాళీగా వదలండి. ఆ రెండూ డాక్టరుగారి ఆలస్యాన్ని మింగడానికి. క్యూ మాత్రం ఒక్కటే ఉండాలి, టైము ప్రకారం. 10:20 మనిషి 10:10కల్లా వచ్చి బీపీ, బరువు చూపించుకుంటే 10:20 స్థానం వారిదే. పదిహేను నిమిషాలు దాటి వస్తే తర్వాతి ఖాళీలో పిలవండి, ఎవరూ కాదనరు. ఓపీ అరగంట వెనకబడితే ఆ సంగతి ఎస్సెమ్మెస్‌లో చెప్పండి. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఆ అరగంట విలువ మీకు వేరే చెప్పక్కర్లేదు.

షుగర్ పేషెంట్ల పరిస్థితి ఇంకా అన్యాయం. ఫాస్టింగ్ రక్తపరీక్షకు కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు. 7:30కి రక్తం ఇచ్చి, 8కి టిఫిన్ మొదలుపెడితే రెండో శాంపిల్ సరిగ్గా 10కి ఇవ్వాలి. పదికి ముందైనా, ఎంతో వెనకైనా ఆ రీడింగుకు అర్థం మారిపోతుంది. మీ యాప్‌కు ల్యాబ్ వేరు, డాక్టరు వేరు. అందుకే అదే మనిషికి డాక్టరు అపాయింట్‌మెంట్ 10కే ఇస్తుంది. ల్యాబ్‌లో చేయి చాపి కూర్చున్నప్పుడు పైన టోకెన్ పిలుస్తారు. పలకలేదని చివరికి తోస్తారు. ల్యాబ్ బుకింగ్ ఉన్న రోజు డాక్టరు స్లాటు రెండో శాంపిల్ తర్వాత, రిపోర్టు వచ్చే టైముకే చూపించేలా మార్చండి. ఒకే ఫోన్ నంబరు మీదున్న రెండు బుకింగులను పోల్చడం సాఫ్ట్‌వేర్‌కు ఏమంత పని?

ఫోన్ నంబరు అంటే గుర్తొచ్చింది. మీ సిస్టమ్‌కు నంబరే పేషెంటు. కొడుకు నంబరుతో అమ్మకు బుక్ చేస్తే ఆవిడ బీపీ మందుల చీటీ అబ్బాయి ఫైల్లో చేరుతోంది. ఇది విసుగు పుట్టించే సంగతి మాత్రమే కాదు, ప్రమాదం. ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య గుర్తింపు సంఖ్య, ఆభా ఐడీ, 14 అంకెలది, మనిషికొకటి, ఇంట్లోవాళ్ళ ఐడీలు ఒకే మొబైల్ నంబరుకు కలపొచ్చు. కనీసం పేరు, పుట్టిన తేదీ అడిగి ఫైళ్ళు విడదీయండి.

ఇక డబ్బు. స్లాటు ఎంచుకున్నాక యాప్ కొన్ని నిమిషాలు పట్టి ఉంచుతుంది. యూపీఐ ఆలస్యమైతే ఆ గడువు దాటి, స్లాటు ఇంకొకరికి పోతుంది. ఆ తర్వాత డబ్బు మీకు చేరుతుంది. కౌంటర్లో అడిగితే బ్యాంకును అడగమంటారు. ఖాతాలో డబ్బు కట్ అయి, వ్యాపారికి కన్ఫర్మేషన్ అందకపోతే లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకు ₹100 ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో చెప్పింది. కానీ మా డబ్బు మీకు అందింది. బ్యాంకు దృష్టిలో ఆ లావాదేవీ సక్రమంగా ముగిసింది. కాబట్టి తిరిగి ఇవ్వాల్సింది మీరే, అదీ కట్టిన ఖాతాలోకే. డాక్టరుగారు రాలేదని మీరే రద్దు చేసినప్పుడు కూడా యాప్ వాలెట్‌లో వేసి చేతులు దులుపుకుంటున్నారు. వాలెట్‌లో పడిన డబ్బుతో బయట మందులు కొనలేం కదా.

ఫాలో-అప్ 7 రోజుల్లో ఉచితం అని గోడ మీద బోర్డు. యూరిన్ కల్చర్ రిపోర్టు రావడానికే రెండు మూడు రోజులు. మధ్యలో ఆదివారం. మిగిలిన రోజులకు యాప్ తెరిస్తే స్లాట్లు నిండిపోయి ఉంటాయి, ఎనిమిదో రోజు దొరుకుతుంది, పూర్తి ఫీజు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది. గడువులోపు బుక్ చేయడానికి ప్రయత్నిస్తే చాలు, స్లాటు ఎప్పుడు దొరికినా ఉచితమే అని మార్చండి. థైరాయిడ్ మాత్ర మోతాదు మార్చాక మళ్ళీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూసేది ఆరు నుంచి ఎనిమిది వారాలకు. అలాంటివారికి ఏడు రోజుల ఉచితం ఎందుకూ కొరగాదు. రిపోర్టు చూపించడానికి మాత్రమే తక్కువ రుసుముతో చిన్న స్లాటు పెట్టండి.

చిన్నపిల్లల టీకాలకు వేరే గంట కేటాయించండి. ఆరు వారాల పసిబిడ్డను జ్వరాల క్యూలో కూర్చోబెట్టడం ఎవరికీ మంచిది కాదు.

ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం ఆన్‌లైన్‌లో సేవలు అమ్మే సంస్థ ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ నంబరు చూపించాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మీ యాప్‌లో ఆ పేరు ఎక్కడా కనబడలేదు. కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం, 2007 ప్రకారం ఫీజుల పట్టీ అందరికీ కనిపించేలా పెట్టాలి. మీ పట్టీలో ప్లాట్‌ఫాం ఫీజు లేదు. ఈ రెండూ వెంటనే సరిచేయండి. పెండింగులో ఉన్న వాపసులన్నీ కట్టిన ఖాతాల్లో వేయండి. నోటుబుక్కు టోకెన్లు ఏ తేదీ నుంచి ఆపుతారో రాతపూర్వకంగా తెలపండి. నెలలో జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

ఇట్లు,
మారతహళ్లి శాఖకు వచ్చే తెలుగు కుటుంబాలు

జతపరిచినవి: బుకింగ్ ఎస్సెమ్మెస్‌లు, అదే రోజు టోకెన్ చీటీల ఫొటోలు, యూపీఐ లావాదేవీల రసీదులు.