మీ నాన్నకి సెరెంగెటి చూపించు

విజయవాడ
ఆదివారం రాత్రి

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆఫ్రికా ప్లాన్ రెండుసార్లు చదివాను. ఫోన్లో మాట్లాడదామంటే మీ నాన్న పక్కనే ఉంటారు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఫోటోలు తీసి పంపుతాను, బాబు పడుకున్నాక తీరిగ్గా చదువుకో.

ముందు నెల సంగతి. స్కూలుకి ఎండాకాలం సెలవులని ఏప్రిల్ చివర్లో పెట్టుకున్నావు. మార్చి నుంచి మే దాకా టాంజానియాలో పెద్ద వానలు, వాటిని అక్కడ 'మసికా' అంటారు. మనం దారెస్సలాంలో ఉన్న తొమ్మిదేళ్ళూ ఆ నెలల్లో ఉతికిన బట్ట ఆరిన గుర్తు లేదు నాకు. సెరెంగెటి అడవి పార్కులో ఉన్నవన్నీ మట్టి దారులే. వానకి బండ్లు దిగబడిపోతాయి. జాంజిబార్ దీవిలో కొన్ని హోటళ్ళు అప్పుడు మూసేస్తారు కూడా. నీకు రేట్లు అంత చవగ్గా కనబడింది అందుకే. దసరా సెలవుల్లో వెళ్ళండి. అక్టోబర్ అంటే అక్కడ ఎండిన కాలం చివర. చిన్న వానలు నవంబర్‌లో గానీ ఊపందుకోవు. నీళ్ళు ఎక్కడా మిగలవు కాబట్టి తరంగిరే నది దగ్గరికి ఏనుగులు మందలు మందలుగా దిగుతాయి. న్యుంబులు, అదే నువ్వు విల్డెబీస్ట్ అని రాశావే, ఎద్దు తల పెట్టినట్టుండే పెద్ద జింకలు, అవి 13 లక్షల దాకా ఉంటాయి. ఏడాది పొడవునా పచ్చిక వెతుక్కుంటూ తిరుగుతూనే ఉంటాయి. ఫిబ్రవరిలో దక్షిణాన న్‌డుటు మైదానాల్లో ఈనుతాయి. జూలై నుంచి అక్టోబర్ దాకా ఉత్తరాన మారా నది దగ్గర ఉంటాయి. అంటే దసరాకి వెళ్తే నది దాటడం చూసే వీలుంది.

రెండోది, తొమ్మిది రోజుల్లో ఆరు చోట్లా? కెన్యాలో మసాయి మారా, ఇటు సెరెంగెటి, గోరోంగోరో, మన్యారా, తరంగిరే, మళ్ళీ జాంజిబార్. మ్యాపులో మసాయి మారా, సెరెంగెటి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయని అలా రాసి ఉంటావు. జంతువులకి ఆ సరిహద్దు లేదు గానీ టూరిస్టులకి ఉంది. మధ్యలో దాటనివ్వరు. ఇసెబానియా అనే సరిహద్దు ఊరి వైపు చుట్టూ తిరిగి రావాలి, ఒక పగలంతా దానికే పోతుంది. పైగా కెన్యాలో దిగితే యెల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కావాలి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. అది లేకుండా తిరిగి వస్తే మన ఎయిర్‌పోర్టులో క్వారంటైన్‌లో పెట్టొచ్చు. కెన్యా ఈసారికి వదిలెయ్యి. మన్యారా కూడా వదిలెయ్యి, దారిలో గట్టు మీదనుంచి ఆ సరస్సు ఎలాగూ కనిపిస్తుంది.

నన్నడిగితే ఇలా పెట్టుకో. అరూషాలో దిగిన రాత్రి పడుకోండి. తరంగిరేలో రెండు రాత్రులు, గోరోంగోరో లోయ అంచున ఒక రాత్రి, అక్కణ్ణుంచి చిన్న విమానంలో సెరెంగెటి ఉత్తరానికి, మారా నది దగ్గర కొగటెండే అనే చోటికి. అక్కడ ఒకే క్యాంపులో మూడు రాత్రులు. ఆ తర్వాత నాలుగు రాత్రులు జాంజిబార్. రోజులు పెరిగి డబ్బు ఎక్కువవుతుందని అల్లుడుగారు అనొచ్చు. రెండు చోట్లు తగ్గించారు కదా, ఆ పార్కు ఫీజులు, బండి ఖర్చు ఇక్కడికి మళ్ళించండి.

ఒకే చోట మూడు రాత్రులు ఎందుకంటున్నానో చెబుతాను. మనం మికుమి వెళ్ళిన రోజు నీకు గుర్తుందా? నీకు ఆరేళ్ళు. నిజానికి మికుమికి వెళ్ళలేదు మనం, ఇరింగా వెళ్ళే బస్సులో ఉన్నాం. ఆ హైవే పార్కు మధ్యలోంచే పోతుంది. ఏనుగులు రోడ్డు దాటుతున్నాయని బస్సు ఆపారు. మీ నాన్న నిన్ను భుజాల మీద ఎక్కించుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. అయిదు నిమిషాలుంటుందేమో. డ్రైవర్ బండి కదిలించాక కూడా ఆయన వెనక్కి చూస్తూనే ఉన్నారు. తొమ్మిదేళ్ళలో ఆయన చూసిన అడవి అంతే.

ఆ దేశంలో ఉంటున్నవాళ్ళం కాబట్టి మనకి పార్కు ఫీజు కూడా తక్కువే. అయినా వెళ్ళలేదు. మొదట మీ అత్తయ్య పెళ్ళి, తర్వాత ఈ ఇంటి లోను, తర్వాత తాతగారి ఆపరేషన్. ప్రతి జూన్‌లోనూ "వచ్చే ఏడాది తప్పకుండా" అనేవారు. సెరెంగెటి మ్యాపు ఒకటి కొని గోడకి అంటించారు. తిరిగి వచ్చేటప్పుడు దాన్ని చింపకుండా ఊడదీసి, మడిచి తెచ్చుకున్నారు. ఇప్పటికీ బీరువాలో నా పట్టుచీరల కింద ఉంది. నువ్వు ప్లాన్ పంపిన రోజు రాత్రి ఆయన ఆ మ్యాపు తీసి డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని కూర్చున్నారు. నన్ను చూసి, "అల్లుడు తప్పు రూటు పెట్టాడేమో చూస్తున్నా" అన్నారు.

అమ్మలూ, మీ నాన్నని తీసుకెళ్ళు.

ఆయన తనంతట తాను అడగరు. నువ్వూ రోడ్లు బాగోవు, వయసు అరవై ఎనిమిది అని ఆలోచించి అడగలేదని నాకు తెలుసు. అందుకే ప్లాన్ మార్చమంటున్నాను. ఏడేళ్ళ మనవడికీ అరవై ఎనిమిదేళ్ళ తాతకీ కావాల్సింది ఒకటే, రోజూ పెట్టె సర్దుకోకుండా ఉండటం. నది దగ్గర న్యుంబులు గట్టు దాకా వచ్చి గంటలు గంటలు నిలబడతాయి. ఒక్కోసారి మొసళ్ళని చూసి వెనక్కి తిరిగిపోతాయి. ఒక్క పూట వెళ్ళినవాళ్ళు ఖాళీ గట్టు చూసి రావాల్సి వస్తుంది. మూడు రోజులుంటే ఒక రోజు కాకపోతే ఇంకో రోజు చూస్తారు. చూడకపోయినా ఆ ఎదురుచూడటం మీ నాన్నకి ఎంతో ఇష్టంగా ఉంటుంది. నేను రాలేను. మీ నానమ్మ దగ్గర ఇద్దరిలో ఒకరం ఉండాలి, ఆవిడకి నా చేతి అలవాటే ఎక్కువ. నా గురించి ఆలోచించకు.

గోరోంగోరో అంచు రెండు వేల మీటర్లు దాటిన ఎత్తు. తెల్లవారుజామున వణికిస్తుంది. ఆయనకి మంకీ క్యాప్, బాబుకి స్వెట్టర్ పైన సంచిలోనే పెట్టు. ఆ గిన్నెలాంటి లోయ అడుగు 600 మీటర్ల కింద, 260 చదరపు కిలోమీటర్లు. బాబు జిరాఫీ కోసం వెతుకుతాడు. లోపల జిరాఫీలు ఉండవు, ముందే చెప్పు. నల్ల ఖడ్గమృగం కనిపించొచ్చు, బైనాక్యులర్స్ తీసుకెళ్ళండి. మధ్యాహ్నం సరస్సు దగ్గర డబ్బా తెరిచి తింటుంటే గద్దలు చేతిలో ముద్ద ఎత్తుకుపోతాయి. బండిలోనే కూర్చుని తినండి.

చిన్న విమానంలో మనిషికి 15 కిలోలే, అదీ చక్రాల సూట్‌కేసు కాదు, మెత్తటి బ్యాగ్. ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు, సెట్సీ ఈగలు ఆ రంగుల మీద వాలి కుడతాయి. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు ఆ దేశంలో 2019 నుంచి నిషేధం. పచ్చళ్ళూ పొడులూ గట్టి డబ్బాల్లో సర్ది పంపుతాను. శాకాహారమని క్యాంపుకి ముందే రాయి. తిండికి బెంగ పడక్కర్లేదు. అక్కడి ఉగాలి అంటే మొక్కజొన్న పిండి సంగటి, మ్‌చిచా అంటే మన తోటకూర. కొబ్బరిపాలు పోసి వండిన చిక్కుడు గింజల కూర మీ నాన్న ఇప్పటికీ తలుచుకుంటారు.

మలేరియా మాత్రం తేలిగ్గా తీసుకోకు. నీకు అయిదేళ్ళప్పుడు జ్వరం వస్తే నేను మామూలు జలుబు జ్వరమనుకుని ఒక రోజంతా ఇంట్లోనే ఉంచాను. మర్నాటికి నువ్వు కళ్ళు తెరవలేదు. రక్తపరీక్షలో ఫాల్సిపారం, అంటే ప్రాణం మీదికి తెచ్చే రకం మలేరియా, అని వచ్చింది. ఆ రాత్రి ఆస్పత్రి బల్ల మీద కూర్చున్న నేను ఇప్పటికీ ఆ రోజు ఆలస్యాన్ని క్షమించుకోలేదు. వెళ్ళే ముందే డాక్టర్‌ని కలిసి నలుగురికీ మాత్రలు రాయించు. బాబుకి బరువుని బట్టి డోసు ఉంటుంది. మీ నాన్న బీపీ మందుల చీటీ కూడా చూపించు. తిరిగి వచ్చాక కూడా చెప్పినన్ని రోజులు మాత్రలు ఆపకండి. ఆ తర్వాత మూడు నెలల్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆఫ్రికా వెళ్ళొచ్చామని మొదటి మాటే చెప్పండి.

జాంజిబార్‌లో నువ్వు పాజే బీచ్ రాశావు. ఫోటోల్లో అందమే, కానీ తూర్పు తీరంలో ఆటు వచ్చినప్పుడు సముద్రం కిలోమీటరు దాకా వెనక్కి పోతుంది. ఆ తడి ఇసుకలో ఆడవాళ్ళు సముద్రపు నాచు సాగు చేసుకుంటూ ఉంటారు. చూడ్డానికి బాగుంటుంది గానీ బాబు ఈత కోసం గంటలు కాచుకోవాలి, ముళ్ళబంతుల్లాంటి సీ అర్చిన్లు కాళ్ళకి గుచ్చుకుంటాయి. ఉత్తరాన కెండ్వా తీసుకో, అక్కడ ఎప్పుడూ నీళ్ళుంటాయి. దానికి ముందు ఒక రాత్రి స్టోన్ టౌన్‌లో, అంటే అక్కడి పాత ఊళ్ళో, ఉండండి. పాత బానిసల సంత ఉన్నచోట చర్చి కట్టారు. ఆ సంతని 1873లో మూయించారు. ఆ పక్కనే నేల కింద, మనుషుల్ని కుక్కారని చూపించే గదులున్నాయి. బాబుని తీసుకెళ్ళాలా వద్దా అని ఆలోచించకు, తీసుకెళ్ళు. వాళ్ళ తాత చెబుతారు, ఆయన పిల్లలకి బాగా చెబుతారు. సాయంత్రం సముద్రం ఒడ్డున ఫోరోధానీ తోటలో ఉరోజో తినండి, బజ్జీ, బంగాళాదుంప వేసిన పుల్లటి పులుసు. జాంజిబార్‌లో దిగే విదేశీయులకి అక్కడి ప్రభుత్వ బీమా 2024 అక్టోబర్ నుంచి తప్పనిసరి చేశారు, వీసాతో పాటు అది కూడా ఆన్‌లైన్‌లో కట్టెయ్యి. వాళ్ళ భాషలోనూ దాన్ని 'బిమా' అనే అంటారు. లక్షని 'లాకి' అంటారు. మీ నాన్న బాబుకి ఇవన్నీ నేర్పుతారు. పెద్దవాళ్ళు కనిపిస్తే "షికమో" అనాలి, వాళ్ళు "మరహబా" అంటారు. అది మాత్రం నువ్వు ఇప్పట్నుంచే నేర్పు.

ఒకటి మర్చిపోయాను. అక్కడ గంటలు పొద్దున ఆరు నుంచి లెక్క. డ్రైవర్ స్వాహిలీలో ఒంటిగంట అంటే మన ఏడు. మీ నాన్నకి తెలుసు, టైములు ఆయన్నే కనుక్కోమను.

ఆయన పాస్‌పోర్ట్ తీసి చూశాను, వచ్చే ఫిబ్రవరిలో అయిపోతుంది. టాంజానియాకి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి కదా. పక్కింటి అబ్బాయి చేత బుధవారం ఉదయం పదిన్నరకి రెన్యువల్ స్లాట్ బుక్ చేయించాను. ఆయనకి ఇంకా చెప్పలేదు. నువ్వు మంగళవారం రాత్రి ఫోన్ చేసి అడుగు. "నాన్నా, నువ్వు లేకపోతే మాకు దారి తెలియదు" అను. ఆయన కాగితాలన్నీ సిద్ధంగా పెట్టాను.

అమ్మ