సవ్తా ఇంటికి ఆ ఏడు రోజులూ తోడుగా నిలిచిన వాళ్లందరికీ

ఇజ్రాయెల్‌లోని నెవాటిమ్‌లో సవ్తాను (హీబ్రూలో అమ్మమ్మ, నానమ్మ అని) ఖననం చేసిన పూట నుంచి యూదుల ఏడు రోజుల సంతాపం ముగిసేదాకా ఆ ఇంటికొచ్చి పని అందుకున్న తెలుగు అన్నలకు, అక్కలకు, మలయాళీ సిస్టర్లకు, మోషావ్‌లోని (సహకార వ్యవసాయ గ్రామం) ఇరుగుపొరుగుకు ఆమె పిల్లల తరఫున, బేర్‌షెబా వైపు ఇళ్లలో పనిచేసే కేర్‌గివర్ల తరఫున కృతజ్ఞతలు. ఎవరు ఏం చేశారో వివరంగానే రాస్తున్నాం. రేపు ఇంకో ఇంట్లో ఇదే అవసరం పడితే పనికొస్తుంది.

సవ్తా పుట్టింది కేరళలోని చేందమంగళంలో. 1954లో కొచ్చిన్ యూదుల కుటుంబాలు ఇజ్రాయెల్‌కు తరలివచ్చినప్పుడు చిన్నపిల్ల. నెగెవ్ ఎడారిలోని ఈ ఊళ్లోనే పెళ్లి, పిల్లలు, మనవలు, మునిమనవలు. ఆమె భక్తి అంతా వంటగదిలో కనిపించేది. యూదు ఆహార నియమంలో మాంసం, పాలు కలవకూడదు కాబట్టి మాంసం గిన్నెలకు ఎర్ర గుర్తు, పాల గిన్నెలకు నీలం గుర్తు, సింకులు కూడా రెండు. కోడిగుడ్డును నేరుగా పిండిలో కొట్టనిచ్చేవారు కాదు. ఒక్కొక్కటీ గాజు గ్లాసులో కొట్టి, రక్తపు చుక్క ఉంటే ఆ గుడ్డు పారేయాల్సిందే. కరివేపాకు, కొత్తిమీర కాసేపు సబ్బు నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, వెలుతురుకు పట్టి రెండు వైపులా చూడాలి. పేనుబంక అంత సన్నటి పురుగు కూడా లోపలికి పోకూడదు.

మనవాళ్లకు అన్నిటికంటే కష్టమయ్యేది పెరుగు. కోడికూర తిన్నాక పెరుగన్నం తినాలంటే ఆ ఇంట్లో ఆరు గంటలు ఆగాలి. కూరలో నెయ్యి, పెరుగు, మీగడ ఏదీ వేయకూడదు. చిక్కదనానికి సవ్తా వాడింది కొబ్బరిపాలు, ఎందుకంటే అవి పాల లెక్కలోకి రావు. అయితే దుకాణంలో కొనే కొబ్బరిపాల పొడిలో చాలావాటికి పాల నుంచి తీసిన సోడియం కేసినేట్ కలుపుతారు. కోషర్ (యూదు ఆహార నియమాలకు సరిపోయేది) ముద్ర ఉందో లేదో, పాల రకమని రాశారేమో డబ్బా వెనక చదవకుండా వాడితే కూరే కాదు, గిన్నె కూడా చెడినట్టే.

పస్కా పండుగకు బియ్యం ఏరడం ఇంకో పెద్ద పని. తెల్లటి గుడ్డ మీద కొంచెం కొంచెంగా పోసి, పగటి వెలుతురులో మూడుసార్లు ఏరాలి. ఆ పండుగకు పులిసే గోధుమ లాంటి ధాన్యం నిషేధం, అందుకే ఒక్క గోధుమ గింజ కూడా మిగలకూడదు. పాత కొచ్చిన్‌లో అయితే చలికాలంలో వచ్చే దీపాల పండుగ హనుక్కా అవగానే ఈ పనులు మొదలుపెట్టి, బావులు తోడి కడిగేవాళ్లట. సవ్తా మంచం పట్టాక కూడా పళ్లెం ఒళ్లో పెట్టించుకుని మూడోసారి తనే ఏరారు.

ఇక సాయం సంగతి. ఇంట్లో ప్రాణం పోతే ముందు 101కు (అంబులెన్స్) ఫోన్, లేదా డాక్టరు. మరణ ధ్రువపత్రం రానిదే ఏదీ కదలదు. యూదుల విశ్రాంతి దినమైన శనివారం మామూలుగా ఫోన్ ముట్టరు, అయినా అప్పుడు చేయాలి. ప్రాణం ఉందేమో అన్న అనుమానం చాలు, ఆ రోజు నియమాలు పక్కన పెట్టొచ్చు. గుర్తింపు కార్డు చేతికందేలా ఉంచుకోవాలి. దేహాన్ని ఒంటరిగా వదలరు, ఆ గదిలో తినరు, తాగరు. మనలాగా స్నానం చేయించడానికి ఎవరూ ముందుకు పోకూడదు. ఆ పని హెవ్రా కదీషా (యూదుల అంత్యక్రియల సంఘం) ఆడవాళ్లదే. తెల్లని బట్టలో, పెట్టె లేకుండానే ఖననం చేస్తారు. మామూలు స్థలమైతే ఖర్చు జాతీయ బీమా సంస్థే భరిస్తుంది. ఎవరైనా ముందే డబ్బు అడిగితే అది దేనికో రాయించుకోండి.

పూలదండలు, అగరబత్తులు తేవద్దని మన వాట్సాప్ గ్రూపులో అందరికీ ముందే చెప్పిన నిజామాబాద్ అక్కకు ప్రత్యేకంగా థ్యాంక్స్. మన ఇళ్ల నుంచి వండి తేవడం కూడా కుదరదు. మన గిన్నెలు కోషర్ కావు. పైగా ఆ ఇంటి గిన్నెలతో ఆ ఇంట్లోనే వండినా, సెఫార్దీ (యూదుల్లో ఒక శాఖ) పద్ధతిలో యూదు మనిషి చేతి మీదుగా కుండ పొయ్యి మీదికెక్కాలి. అందుకే కోయని పళ్లు, ముద్ర ఉన్న సీలు ప్యాకెట్లు, వాడి పారేసే ప్లేట్లు, నీళ్ల బాటిళ్లు తెచ్చారు. శ్మశానం నుంచి వచ్చాక తినే మొదటి భోజనం దుఃఖంలో ఉన్నవాళ్లు సొంతది తినకూడదు. పక్కింటివాళ్లు ఉడికించిన గుడ్లు, రొట్టె, మసూరు పప్పు తెచ్చిపెట్టారు.

పొట్టి కుర్చీలు అరువు తెచ్చినవాళ్లు, అద్దాలకు దుప్పట్లు కట్టినవాళ్లు, ఉదయం సాయంత్రం ప్రార్థనకు పదిమంది మగవాళ్లు తక్కువ పడకుండా ఫోన్లు తిప్పిన మేనల్లుడు, అందరికీ వందనాలు. రోజుల లెక్కలో చాలామంది తికమకపడ్డారు. సూర్యాస్తమయానికి ముందు ఖననమైతే, కాసేపే మిగిలినా, అదే మొదటి రోజు. మంగళవారం సాయంత్రం వెలుతురుండగా అయితే సోమవారం ఉదయం ప్రార్థన తర్వాత సంతాపం నుంచి లేస్తారు. చీకటి పడ్డాక అయితే మంగళవారం. శనివారం కూడా లెక్కలోకి వస్తుంది గానీ ఆ రోజు బయటికి దుఃఖం చూపరు, కుర్చీలు తీసి పక్కన పెట్టాలి.

సవ్తా మలయాళం పాటల నోటుబుక్ గురించి. కొచ్చిన్ యూదుల్లో ఈ పాటలు ఆడవాళ్ల సొత్తు. పెళ్లిళ్లలో, పండుగల్లో మగవాళ్ల ముందే పాడి, చేతిరాత పుస్తకాల్లో ఒకరి నుంచి ఒకరు ఎక్కించుకున్నారు. ఏడు రోజుల్లో పాట ఉండదు కాబట్టి అవి అయ్యాకే మలయాళీ సిస్టర్లు కూర్చుని పేజీలకు వరస నంబర్లు పెట్టారు, కిటికీ వెలుతురులో ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీశారు. ల్యామినేషన్ చేయిద్దామన్న మనవడిని ఆపినందుకు వాళ్లకు రెండుసార్లు థ్యాంక్స్, ఎందుకంటే వేడికి సిరా పాడైతే మళ్లీ రాదు. ఒకే పాట ఊరికో రకంగా ఉంటుంది, అందుకని తప్పు అనిపించిన పంక్తిని దిద్దకుండా ఉన్నదున్నట్టే ఎక్కించారు.

చివరి జీతం, వాడని సెలవులు, ఆరోగ్య విశ్రాంతి భత్యం, ఉద్యోగం ముగిసినందుకు ఇచ్చే పరిహారం అడగకముందే లెక్క కట్టి కాగితం మీద ఇచ్చిన సవ్తా కొడుక్కి మా అందరి నమస్కారం. యజమాని పోయినా ఏడాది దాటిన సర్వీసుకు పరిహారం హక్కే. పనికి కొత్త యజమానిని వెతుక్కునే గడువు 90 రోజులు, ఆ తేదీ పాస్‌పోర్టు పక్కనే రాసి పెట్టుకోండి.

ముప్పయ్యో రోజు సమాధి దగ్గరికి వచ్చేవాళ్లు పూలు తేవద్దు, చిన్న రాయి ఒకటి పెడితే చాలు. అరువు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు ఇంకా వరండాలోనే ఉన్నాయి. వెనక చాక్‌పీసుతో పేర్లు రాసి ఉన్నాయి, ఎవరివి వాళ్లు తీసుకెళ్లండి.