ఐరిష్ సామెతల లోతు చెప్పినవారికి కృతజ్ఞతలు

ఐర్లండ్ ఇళ్లలో కష్టకాలంలో చెప్పుకునే సామెతలు, వేళాకోళపు మాటలు తెలుగులోకి తెచ్చే పని పూర్తయింది. చేయి వేసిన అందరికీ మా నమస్కారాలు. ఎవరి సాయం ఎక్కడ అక్కరకొచ్చిందో చెప్పడం మా ధర్మం.

మొదటి దండం 1937–39 నాటి బడిపిల్లలకు. ఐరిష్ జానపద సంఘం పిలుపందుకుని సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలు తాతలను, అమ్మమ్మలను, ఇరుగుపొరుగును అడిగి సామెతలు, చిట్కా వైద్యాలు, కథలు రాసుకొచ్చారు. ఆ చేతిరాతను ఇవాళ ఓపిగ్గా టైపు చేస్తున్న స్వచ్ఛంద సేవకులు లేకపోతే ఒక్క సామెతా వెతికితే దొరికేది కాదు. ఆ పనికి పెట్టిన పేరు ‘మెహల్’. పొలాల్లో ఒకరికొకరు బదులు పనికి వెళ్లడాన్ని అక్కడ అలాగే అంటారు.

ఉచ్చారణ దిద్దినవారి రుణం పెద్దది. ‘నీల్ ఏన్ తింత్యాన్ మార్ దొ హింత్యాన్ ఫేన్’ అంటే మన పొయ్యి గడ్డను మించిన చోటు లేదని. దీనికి ఇంట్లో ఒక పేరడీ ఉంది: ‘తింత్యాన్’ను తిరగేసి ‘తోన్ తిన్’ అంటారు. అప్పుడు అర్థం, మన పిర్ర నొప్పిని మించిన నొప్పి లేదని! అక్షరాల తారుమారు చెవికి వినపడకపోతే నవ్వే పుట్టదు. మా చిత్తుప్రతిలో అర్థం ఒక్కటే రాశాం, నవ్వు చచ్చిపోయింది. ఇప్పుడు ప్రతి సామెతకూ నాలుగు వరుసలున్నాయి: పలుకు, మాటకు మాట, అసలు భావం, ఎవరు ఎవరితో అంటారు.

ఆ నాలుగో వరుసే ప్రాణం. ‘బతుకు గుర్రమా, గడ్డి దొరుకుతుంది’ అన్నదాన్ని దీవెన అనుకున్నాం. కాదట. ఎప్పటికో తీరే మాట ఇచ్చినవాడిని చూసి ‘అప్పటిదాకా బతకాలి కదా’ అనే పెదవి విరుపు అది. ‘మనుషులు బతికేది ఒకరి నీడన ఒకరు’ అన్న సామెత మాత్రం సులువుగా ఒదిగింది. అక్కడి ‘స్కా’ అనే మాటకు నీడ, ఆసరా రెండూ అర్థాలే, మన ‘నీడ’లాగా.

‘దుంపలూ చూపూ’ విషయంలో దిద్దుబాటు మరీ విలువైనది. పేదింటి భోజనానికి పెట్టిన పేరిది: దూలానికి వేలాడే పంది మాంసం వైపో ఉప్పు చేప వైపో బంగాళాదుంపను చూపించి, రుచి వచ్చిందనుకుని తినడం. దీన్ని 1845–52 మహాకరువు హాస్యంగా రాశాం, తప్పు. ఆ కరువుకు కారణమైన దుంప తెగులు రాకముందు నుంచే ఉన్న మాట ఇది. దాదాపు పది లక్షల మంది పోయిన కరువు మీద జోకుగా అచ్చయి ఉంటే ఆ జనానికి అన్యాయం చేసినవాళ్లమయ్యేవాళ్లం.

చావింటి మర్యాద వివరించిన పెద్దలకు ప్రత్యేకంగా. లోపలికి వెళ్లగానే చేయి కలిపి ‘మీ కష్టానికి బాధగా ఉంది’ అని ఒక్క వాక్యం, ఆపైన శవపేటిక దగ్గర ప్రార్థన, తర్వాత టీ. పోయినవారి చిలిపి పనులు చెప్పుకుని నవ్వడం ఆ తర్వాతే. ఆ నవ్వు ఇంటివాళ్లు మొదలుపెడితేనే బాగుంటుంది, వచ్చినవాళ్లు తొందరపడితే గుచ్చుకుంటుంది. ఈ వరసను మా సామెతల జాబితా మొదటి పుటలోనే పెట్టాం.