కోడు తుడిచెయ్యకు

హనుమకొండ,
ఆదివారం

చిరంజీవి స్వప్నకు,

ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, మెట్లు ఎక్కవద్దంటే మాత్రం వినదు. బోరు మోటారు బాగు చేయించాను. నిన్న కాజీపేట అత్తమ్మ వచ్చి, పెంబర్తి దాటాక రాత్రిపూట నీ కారు ఆగిపోయిందని, కాసేపటికి దానంతటదే స్టార్టయిందని మాటల్లో మాటగా చెప్పింది. నువ్వు నాకు చెప్పలేదు. పనుల్లో ఉన్నావేమో. నేనేమీ అడగడం లేదు.

పరకాల చిన్నాయన కారు సంగతి గుర్తుందా? మేడారం వెళ్తుంటే పస్రా దగ్గర వాహనాల వరుసలో ఇంజను వేడెక్కి ఆగింది. చల్లారాక ఏమీ ఎరగనట్టు నడిచింది. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడా చక్కగా నడిచింది! ఆ మెకానిక్ రీడరు పెట్టాడు, అదే, కారు కంప్యూటరు లోపానికి రాసిపెట్టుకున్న కోడు నంబరు చదివే పరికరం. కోడు చదివాడో లేదో గానీ మీటరు దగ్గరి ఇంజను లైటు ఆరాలని వెంటనే తుడిచేశాడు. తర్వాత అంచనా మీద పెట్రోలు పంపు మార్చాడు, ప్లగ్గులు మార్చాడు. కారు మళ్లీ ఆగింది. చివరికి ములుగు రోడ్డులో ఒక కుర్రవాడు తుడవకుండా చదివితే పి0335 అని వచ్చింది. అంటే ఇంజను తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సరు సిగ్నలు అందడం లేదు. అతను సెన్సరు కొనమనలేదు, ముందు వైరు వెంట వేలు పెట్టి చూశాడు. ఇంజనుకు రాసుకునే చోట తొడుగు అరిగి రాగి తీగ బయటపడింది. చిన్నమ్మ ముందు ఇప్పటికీ పంపు ఊసెత్తకూడదు.

స్టీరింగు కింద, మోకాళ్ల దగ్గర రీడరు పెట్టే 16 పిన్నుల సాకెట్టు ఉంటుంది. రీడరు నీ దగ్గరే ఉందా, అన్న పట్టుకుపోయాడా? లైటు వెలగలేదు కదా అనకు. చాలా లోపాలు రెండోసారి కనిపించేదాకా పెండింగులోనే ఉంటాయి, అదీ చూడు. ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిస్తే, కోడు పడిన క్షణాన వేగమెంత, ఇంజను వేడి ఎంత అన్నది ఉంటుంది. తుడిస్తే అదీ పోతుంది. బ్యాటరీ తీగ విప్పినా పోవచ్చు. పి0302 వస్తే రెండో సిలిండరు మంట తప్పుతోందన్నమాట. ప్లగ్గుకు కరెంటిచ్చే ఆ కాయిల్‌ను మూడోదానికి మార్చి నడపమను. కోడు పి0303 అయితే కాయిల్‌దే తప్పు, మారకపోతే ప్లగ్గో ఇంజెక్టరో చూడాలి. చదవకుండా సామాను మార్చేవాడి దగ్గరకు వెళ్లకు.

ఇంజను లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే యాక్సిలరేటర్ వదిలి పక్కకు ఆపు. మండని పెట్రోలు వెళ్లి, పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది, అది చాలా ఖరీదు. రాత్రి హైవే మీద ఆగితే నాలుగు లైట్లూ వేసి, ఎడమవైపు దిగి, కారుకు దూరంగా నిలబడు. ఎంత రాత్రయినా నాకు ఫోను చెయ్యి. అత్తమ్మకు తరువాత చెప్పుకోవచ్చు.

అమ్మ సకినాలు ఆర్టీసీ కార్గోలో పంపుతోంది. ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో వాట్సాప్‌లో పెట్టు. ఫోనులో చార్జింగు లేదనకు, కారులో పెట్టుకునే చార్జరు కూడా కొనిచ్చాను.

నీ బాపు